ఫ్యాటీ లివర్‌కి నూనె తగ్గించి, పాలూ మాంసం మానేసిన డైట్: రెండేళ్లు దాటాక నా అనుభవం

గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని స్కానింగ్‌లో తేలాక, బాగా తక్కువ నూనెతో, మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి ఏవీ లేకుండా తినడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ముందు ఫలితం చెప్పేస్తాను, ఇలాంటివి వెతుక్కుని చదివేవాళ్లకి మొదట కావలసింది అదే. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 86 నుంచి 34కి దిగింది, బరువు 78 కిలోల నుంచి 70కి వచ్చింది, ఈ మధ్య తీసిన ఫైబ్రోస్కాన్‌లో (లివర్‌లో కొవ్వు, గట్టిదనం కొలిచే స్కాన్) లివర్‌లో కొవ్వు బాగా తగ్గినట్టు కనపడింది, గట్టిపడటం మొదట్లోనూ లేదు, ఇప్పుడూ లేదు. అంటే పనిచేసింది. కాని దేనివల్ల పనిచేసిందో డైట్ పేరు చూస్తే మాత్రం తెలియదు.

నాకిచ్చిన డైట్ కాగితంలో నూనె ఎన్ని చెంచాలో, ఏమేం మానాలో అన్నీ ఉన్నాయి, అన్నం ఎంత పెట్టుకోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. మన ఇళ్లలో కూరలో నూనె తగ్గితే జరిగేది ఏంటంటే, కడుపు నిండినట్టు అనిపించదు, దాంతో ఇంకో గరిటె అన్నం పడుతుంది. మొదటి కొన్ని నెలల తర్వాత టెస్ట్ చేయిస్తే ఎస్‌జీపీటీ పెద్దగా కదల్లేదు. అప్పుడు వేరే డైటీషియన్ ప్లేటు గురించి అడిగి, అన్నం ఒక కప్పుకి దించి, కూరా పప్పూ రెండింతలు చేయమన్నారు. బరువు దిగడం అక్కడ మొదలైంది.

కారణం తర్వాత చదివితే తెలిసింది. అమెరికాలో 2005లో వచ్చిన ఒక పరిశోధనలో ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల లివర్‌లోని కొవ్వు ఎక్కడినుంచి వచ్చిందో లెక్క కట్టారు. అందులో 59 శాతం ఒంట్లో నిలవున్న కొవ్వు రక్తంలోకి దిగి చేరింది, 26 శాతం లివర్ తనే పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి తయారుచేసుకుంది, తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. ఇది చూశాక నూనె సీసా మీదే చూపు పెట్టి, చెరుకురసం, జ్యూసులు, బిస్కెట్లు, పళ్లెం నిండా అన్నం వదిలేస్తే లాభం లేదని నాకు స్పష్టంగా అర్థమైంది. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వూ వాపూ రెండూ తగ్గుతాయని డాక్టర్లు చెప్పేది ఇందుకే. నూనె తగ్గించడం ఆ బరువు తగ్గడానికి ఒక దారి, అంతే. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి కాబట్టి మంచి దారే. లివర్ డాక్టర్లు ఎక్కువగా సిఫారసు చేసే మెడిటరేనియన్ పద్ధతిలో, అంటే మధ్యధరా సముద్రతీర దేశాల తిండి పద్ధతిలో, ఆలివ్ నూనె, చేపలు బాగానే ఉంటాయి, కాబట్టి నూనె అంటే విషం అనేవాళ్ల మాట నేను నమ్మను. ఏ నూనె అన్నది మాత్రం చూడాలి. స్వీడన్‌లో 2014లో ఒక పరీక్ష చేశారు, కొందరికి పామాయిల్‌తో చేసిన మఫిన్లు, కొందరికి సన్‌ఫ్లవర్ నూనెతో చేసినవి అదనంగా పెట్టారు, ఇద్దరూ ఒకేలా బరువు పెరిగినా లివర్‌లో కొవ్వు పామాయిల్ వాళ్లకే ఎక్కువ చేరింది. బేకరీ సరుకు, బండి మీద బజ్జీలు నేను పూర్తిగా ఆపింది అది చదివాకే.

ఇక వంట. ఇది మన వంటతో కుదరదని చాలామంది అంటారు, నా అనుభవం దానికి పూర్తిగా వేరు. కష్టం వేపుళ్లతోనే, మిగతా వంటంతా దాదాపు సిద్ధంగానే ఉంది. తోటకూర పప్పు, గోంగూర పప్పు, సొరకాయ పులుసు, ఉలవచారు, చారు, వీటికి కావలసింది పోపుకి అర చెంచా నూనె, అది కూడా చిన్న పోపు గరిటెలో ఆవాలు చిటపటలాడేంత. వంకాయ మంట మీద కాల్చి చింతపండు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపి చేసే పచ్చడికి నూనె అసలు అక్కర్లేదు, నాకు గుత్తి వంకాయ కన్నా ఇదే ఇష్టం ఇప్పుడు. దొండకాయ ఆవిరి మీద ఉడికించి పుట్నాల పొడి చల్లితే బాగుంటుంది. బెండకాయ మాత్రం నూనె లేకపోతే జిగురు వదలదు, పులుసులో వేసుకోవడం తప్ప మార్గం దొరకలేదు. టిఫిన్‌కి పెసరట్టు, నాన్‌స్టిక్ పెనం మీద కొన్ని చుక్కల నూనెతో. చట్నీ దగ్గర జాగ్రత్త, పల్లీల్లో సగం బరువు కొవ్వే, కొబ్బరిలోనూ ఎక్కువే, అందుకే నేను పుట్నాల చట్నీకో, బెల్లం వేయని అల్లం చట్నీకో మారాను. రాత్రికి జొన్నరొట్టె, మీల్ మేకర్ కూర. మీల్ మేకర్ నూనె తీసేసిన సోయాతో చేస్తారు కాబట్టి కొవ్వు దాదాపు ఉండదు, ప్రొటీన్ సగం బరువు ఉంటుంది, మాంసం మానేసినవాళ్లకి దీనంత చవకైనది ఇంకోటి లేదు.

నిజంగా బాధపెట్టింది పెరుగు. కూరలన్నీ ఎలాగో సర్దుకున్నాయి, చివర్లో పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం మాత్రం నెలల తరబడి అలవాటు కాలేదు. సోయా పెరుగు ప్రయత్నించాను, ఆ వాసన నాకు పడలేదు. మా అత్తయ్య అయితే "మజ్జిగ చుక్క తాగితే ఏమవుతుందమ్మా, లివర్‌కి అదే మంచిది కదా" అని రోజూ అనేవారు. ఏడాది దాటాక డాక్టర్‌ని అడిగి, వెన్న తీసిన పెరుగుతో పల్చటి మజ్జిగ మధ్యాహ్నం ఒక గ్లాసు మళ్లీ మొదలుపెట్టాను. రిపోర్టులేమీ చెడలేదు. ఈ డైట్‌లో పాలపదార్థాలను పూర్తిగా తీసేయమనడం మన తెలుగువాళ్లకి అనవసరమైన శిక్ష అని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సమస్య బి12. మొదటి ఏడాది చివరికి కాళ్లలో తిమ్మిర్లు, ఊరికే అలసట, టెస్ట్ చేయిస్తే బి12 బాగా తక్కువ. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఇది నమ్ముకునేంత దొరకదు, కాబట్టి టాబ్లెట్ మొదటి రోజునుంచే ఉండాల్సింది, ఆ మాట డైట్ కాగితంలో లేకపోవడం నాకు ఇప్పటికీ కోపమే. కొవ్వు మరీ సున్నాకి దించినా చిక్కే, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు కావాలి, పైగా బరువు చాలా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. నేను రోజుకి రెండు టీస్పూన్ల నూనె, ఒక చెంచా అవిసె గింజల పొడి ఉంచుకున్నాను. చక్కెర లేని బ్లాక్ కాఫీ కూడా తాగుతున్నాను, కాఫీ తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం తక్కువని చాలా పరిశోధనల్లో కనపడింది.

లివర్ శుభ్రం చేస్తామని అమ్మే పొడులు, కషాయాలు చుట్టాలందరూ చెప్తారు, ఒక్కటీ ముట్టుకోలేదు. కోవిడ్ సమయంలో తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, అయినా అప్పటికే లివర్ బాగాలేని మనిషిగా నేనెందుకు రిస్క్ తీసుకోవాలి?

ఖర్చు పెరగలేదు, నూనె, నెయ్యి, మాంసం మిగిలినదాంట్లో కూరగాయలు వచ్చేశాయి. టైం మాత్రం ఎక్కువ పడుతుంది, ఇంట్లో మిగతావాళ్లకి వేరే వండితే మరీ. పెళ్లిళ్లకి వెళ్తే పప్పు, చారు, సలాడ్‌తో సరిపెట్టుకుంటాను.

గ్రేడ్ 1, గ్రేడ్ 2 ఉండి, పొట్ట ఉండి, షుగర్ అంచు మీద ఉన్నవాళ్లకి ధైర్యంగా చెప్తాను, అన్నం కొలత, బి12 ఈ రెండూ కలుపుకుని చేయండి. సిర్రోసిస్ దాకా, అంటే లివర్ మచ్చలు పడి బాగా గట్టిపడే దశ దాకా వెళ్లినవాళ్లు మాత్రం ఇది చదివి మొదలుపెట్టొద్దు. వాళ్లకి కండ కరిగిపోవడమే పెద్ద ప్రమాదం, కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి, రాత్రి పడుకునేముందు కూడా ఏదో ఒకటి తినమంటారు, ఆ లెక్క లివర్ డాక్టర్ దగ్గరే రాయించుకోవాలి.