లాంబర్ట్, థ్వైట్స్: రెండు మంచు నదులు, వాటి పేర్లు

అంటార్కిటికాలో పెద్ద హిమానీనదం ఏదంటే లాంబర్ట్ అని చదువుకున్నాం. వార్తల్లో మాత్రం ఎప్పుడూ థ్వైట్స్ పేరే వినిపిస్తుంది. రెండూ పెద్దవే, కాకపోతే ఒక్కోదాని పెద్దతనం ఒక్కో రకం.

లాంబర్ట్ తూర్పు అంటార్కిటికాలో ఉంది. లోతైన పగులులోయ వెంబడి సుమారు 400 కిలోమీటర్లు ఉత్తరానికి జారి, ప్రిడ్జ్ అఖాతం మీద తేలే అమెరీ మంచు పలకలో కలుస్తుంది. మన దేశపు భారతి పరిశోధన కేంద్రం ఉన్నది ఆ అఖాతం ఒడ్డునే. భారత్, అంటార్కిటికా గోండ్వానా అనే ఒకే ప్రాచీన మహాఖండంలో కలిసి ఉన్న రోజుల్లో తూర్పు అంటార్కిటికా మన తూర్పు కనుమలను ఆనుకుని ఉండేదని తెలిశాక, మ్యాపులో అది నాకు పరాయి చోటులా అనిపించడం లేదు.

పశ్చిమాన ఉన్న థ్వైట్స్ గొప్పంతా వెడల్పులోనే, దాదాపు 120 కిలోమీటర్లు. దాని అడుగునేల సముద్రమట్టం కంటే కిందుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లమవుతుంది. వెచ్చని సముద్రపు నీరు కింద నుంచి కరిగిస్తోంది. అంచు వెనక్కి జరిగేకొద్దీ మరింత మందమైన మంచు ఆ నీటికి చిక్కుతుంది. మొత్తం కరిగితే ప్రపంచమంతటా సముద్రమట్టం 60 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. లాంబర్ట్‌తో ప్రస్తుతానికి అంత టెన్షన్ లేదు.

ఇక పేర్లు. 1946–47లో అమెరికా నౌకాదళ విమానాలు తీసిన ఫోటోలు చూసి లాంబర్ట్‌ను మొదట ‘బేకర్ త్రీ’ అన్నారు. అది ఫోటోలు తీసిన విమాన బృందం పేరు. 1957లో ఆస్ట్రేలియా తన జాతీయ మ్యాపింగ్ డైరెక్టర్ బ్రూస్ లాంబర్ట్ పేరు పెట్టింది. థ్వైట్స్ పేరు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ భూశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ థ్వైట్స్‌ది. నా మనసు మాత్రం బేకర్ త్రీ వైపే. ఆ మంచును పైనుంచి కళ్లారా చూసినవాళ్ల గుర్తు అందులో ఉంది.