తూటా పేలనప్పుడు: బోల్ట్ యాక్షన్ మేలా, సెమీ ఆటోమేటిక్ మేలా?

అమెరికాలో సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకుని షూటింగ్ రేంజ్‌కు వెళ్లే తెలుగువారు ఏ రైఫిల్ అద్దెకు తీసుకోవాలన్న విషయంలో సాధారణంగా బరువు, ధర, గురి చూస్తారు. నా దృష్టిలో అంతకంటే ముందు చూడవలసింది మరొకటి ఉంది: ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే, కొత్తవారి చేతిలో ఆ రైఫిల్‌ను అదుపులో ఉంచడం ఎంత సులభం? ఈ ప్రశ్నతో రెండు రకాలను పోల్చి చూద్దాం: ప్రతి గుండు తర్వాతా చేత్తో బోల్ట్ (ఛాంబర్‌ను, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిని, మూసే కడ్డీ) లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్, పేలాక తర్వాతి తూటా తనంతట తానే ఎక్కే సెమీ ఆటోమేటిక్. (హెచ్1బీ, సందర్శక వీసాల వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ చేతపట్టడాన్నే, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి రైఫిల్ ఇచ్చే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.)

కుటుంబాలు ఎక్కువగా వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా. ఇందులో నిప్పు పుట్టించే రసాయనం అడుగున మధ్యలో కాక అంచు మడతలో ఉంటుంది. ఆ మడత చుట్టూ రసాయనం సమంగా పరుచుకోకుండా, ట్రిగ్గర్ నొక్కినప్పుడు తూటాను కొట్టే పిన్ను సరిగ్గా లోపమున్న చోటే తగిలితే తూటా పేలదు. అందుకే పెద్ద రైఫిళ్ల తూటాలకంటే వీటిలో మొరాయించేవి ఎక్కువ.

‘టిక్’మన్న శబ్దం తప్ప మరేమీ వినిపించనప్పుడు రెండు రైఫిళ్లకూ నియమం ఒక్కటే. గొట్టం లక్ష్యంవైపే ఉంచి, ట్రిగ్గర్ మీదనుంచి వేలు తీసి, కనీసం 30 సెకన్లు ఆగాలి. దీపావళినాడు పేలని టపాకాయ దగ్గరకు వెంటనే వెళ్లవద్దని పెద్దలు ఎందుకు చెబుతారో, ఇక్కడా కారణం అదే: నిప్పు ఆలస్యంగా అందుకోవచ్చు. అప్పటికే ఛాంబర్ తెరిచి ఉంటే ఇత్తడి తొడుగు బయటే చీలి, ముక్కలు ముఖం మీదికి ఎగురుతాయి. ఈ సందర్భంలో బోల్ట్ యాక్షన్‌కు ఒక బలహీనత ఉంది. ప్రతి గుండుకూ బోల్ట్ లాగడం అలవాటైన చెయ్యి, పేలని తూటాకు కూడా అప్రయత్నంగా లాగేస్తుంది. ఆగడాన్ని ముందే నేర్పకపోతే ఈ రైఫిల్ సురక్షితమని చెప్పలేము.

సెమీ ఆటోమేటిక్‌లో చిక్కు వేరే రకం. 1964లో వచ్చి నేటికీ విరివిగా వాడుకలో ఉన్న రూగర్ 10/22నే తీసుకుందాం. దాని సాధారణ నమూనాల్లో పది తూటాలూ అయిపోయాక బోల్ట్ తెరుచుకుని ఆగదు. ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటుంది. ఆ తర్వాత నొక్కితే వచ్చే ‘టిక్’కూ, పేలని తూటా ‘టిక్’కూ కొత్తవారికి తేడా తెలియదు. పైగా ఖాళీ తొడుగు బయటకు పోయే కిటికీలోనే నిలువుగా ఇరుక్కోవడం, రెండు తూటాలు ఒకేసారి ఛాంబర్ వైపు తోసుకురావడం వంటివి ఇందులోనే ఎక్కువ. వాటిని తీయాలంటే ముందు మ్యాగజైన్ (తూటాలు ఉండే పెట్టె) ఊడదీసి, ఒక చేత్తో బోల్ట్ వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మి) ముందున్న మీట నొక్కాలి. పన్నెండేళ్ల పిల్ల ఇంత పనీ చేస్తూ గొట్టాన్ని ఎటూ తిప్పకుండా ఉంచగలదని నేను నమ్మను. పిల్లలు సహజంగా చేసేది, “నాన్నా, ఇది పని చేయట్లేదు” అంటూ రైఫిల్‌తో సహా వెనక్కి తిరగడం. కుటుంబంతో వెళ్లినప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే.

ఒక్క విషయంలో సెమీ ఆటోమేటిక్‌దే పైచేయి. తూటాలో మందు చాలక సీసపు గుండు గొట్టంలోనే ఆగిపోతే, ఆ బలహీనమైన తోపుకు బోల్ట్ సాధారణంగా పూర్తిగా వెనక్కి పోదు కాబట్టి రైఫిల్ తనంతట తానే ఆగుతుంది. బోల్ట్ యాక్షన్‌లో మన చెయ్యి మరో తూటాను ఎక్కించేస్తుంది. ఆ రెండోది పేలితే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. శబ్దం మామూలుకంటే మెత్తగా వినిపించినా, భుజానికి తోపు తగ్గినట్టనిపించినా అక్కడితో ఆపాలి. అయితే ఆపిన తరువాత పరిశీలన మళ్లీ బోల్ట్ యాక్షన్‌లోనే సులువు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేశాక, చాలా నమూనాల్లో పనిముట్లు లేకుండానే బోల్ట్‌ను పూర్తిగా బయటకు తీసి, వెనకనుంచి గొట్టంలోకి చూడవచ్చు. రూగర్ 10/22 సాధారణ నమూనాల్లో వెనక భాగం మూసి ఉంటుంది కాబట్టి అలా చూడటం కుదరదు.

అందువల్ల మొదటిసారి పట్టేవారికి, పిల్లలకు బోల్ట్ యాక్షన్ ఇచ్చి, ఒక్కొక్క తూటాను చేత్తో ఎక్కించడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. తూటా ఉందా లేదా అన్న సందేహం రాదు, ఒకటి మొరాయించినా వెనక మరొకటి కాచుకుని ఉండదు. సెమీ ఆటోమేటిక్‌ను, చిక్కు తీయడం సాధన చేసిన పెద్దవారు వాడుకోవచ్చు.

ఏది వాడినా, చిక్కు తీసేది ఎవరన్నది ఇంటినుంచి బయలుదేరేటప్పుడే నిర్ణయించుకోవాలి. తండ్రికి పూర్తిగా తెలియకపోతే రైఫిల్ అలాగే లక్ష్యంవైపు ఉంచి, చెయ్యెత్తి రేంజ్ ఆఫీసర్‌ను (అక్కడ భద్రత చూసే ఉద్యోగిని) పిలవడం మంచిది. పేలని తూటాను తిప్పి పెట్టి మళ్లీ కాల్చేవారున్నారు, అది ఒక్కోసారి పేలుతుంది కూడా. కానీ పిల్లలు పక్కనుండగా ఆ ప్రయత్నం వద్దు. పేలని తూటాలకు రేంజ్‌లో కేటాయించిన డబ్బాలోనే దాన్ని వేయాలి. చెత్తబుట్టలో గానీ, జేబులో గానీ వేయకూడదు.