జైల్లో ఉన్న రచయిత కోసం ఉత్తరమా, ధర్నానా?

ఎక్కడో పరాయి దేశంలో ఏదో రాసినందుకు ఒకరిని జైల్లో పెడితే, హైదరాబాద్‌లో ఉన్న మనం ఆ ప్రభుత్వానికి ఉత్తరం రాయాలా, ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో నిలబడాలా?

ఖర్చు: ఉత్తరానికి స్టాంపు, ఈమెయిల్‌కైతే అదీ లేదు. ధర్నాకి బ్యానరు, మైకు, సగం రోజు సెలవు.

శ్రమ: ఉత్తరం అరగంట పనే కానీ మర్యాదగా, పేరూ కేసూ తప్పుల్లేకుండా రాయాలి. 1961లో మొదలైన ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థకి పేరు తెచ్చింది ఇలాంటి ఉత్తరాలే. ధర్నాకి పోలీసు అనుమతి కోసం తిరగడమే పెద్ద పని.

రిస్కు: శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉన్నా, అనుమతి లేకుండా కూర్చుంటే వ్యాన్ ఎక్కించొచ్చు. ఉత్తరంతో మనకు టెన్షన్ తక్కువ, ఖైదీకే ఇబ్బంది రావచ్చు, ఆ ఖైదీ ఇంట్లోవాళ్లు వద్దంటే ఆగండి.

పరాయి ప్రభుత్వాన్ని కదపాలంటే ఉత్తరమే, అదీ వందల్లో. మన ఊరి విలేకరిని పట్టుకెళ్తే మాత్రం ధర్నా చౌకే. పేపర్లో ఫొటో పడితేనే ఇక్కడ ఫైలు కదులుతుంది.