మూడు నోడ్ల కసాండ్రా: నడుస్తుంది, కాకపోతే రిపేర్ మానకూడదు

రైట్లు (డేటా రాయడాలు) ఎక్కువగా ఉండి, ఏ క్వెరీలు వస్తాయో ముందే తెలిస్తే డేటాను పలు మెషీన్లలో (నోడ్లలో) పంచి ఉంచే డేటాబేస్ అపాచీ కసాండ్రా 4 చిన్న టీముకు నిక్షేపంగా సరిపోతుంది. జాయిన్లు (టేబుళ్లను కలిపి వెతకడం) కావాలంటే మాత్రం ఇటు రావద్దు, పోస్ట్‌గ్రెస్ ఉండనే ఉంది.

రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 (ప్రతి డేటాకూ మూడు కాపీలు), రీడ్‌కీ రైట్‌కీ కోరం (మూడు కాపీల్లో రెండు జవాబిస్తే చాలు) పెట్టుకుంటే ఒక నోడ్ పడిపోయినా పని ఆగదు.

అసలు తలనొప్పంతా డిలీట్లతోనే. తీసేసిన డేటా వెంటనే పోదు, టూంబ్‌స్టోన్‌గా (‘తీసేశాం’ అనే గుర్తుగా) మిగులుతుంది. దాని గడువు డిఫాల్ట్‌గా 8,64,000 సెకన్లు, అంటే 10 రోజులు. పడిపోయిన నోడ్ కోసం మిగతావి హింట్లు (అది మిస్సయిన రైట్లు) దాచిపెట్టేదేమో 3 గంటలే. అంతకు మించి డౌన్‌లో ఉంటే రిపేర్ (నోడ్లలోని కాపీలను పోల్చి సరిచేయడం) నడపాల్సిందే. రిపేర్ చేయకుండా టూంబ్‌స్టోన్ గడువు దాటితే ఎప్పుడో తీసేసిన రికార్డు మళ్లీ లేచొచ్చి కూర్చుంటుంది. అందుకే వారానికోసారి ‘నోడ్‌టూల్ రిపేర్’ను ఫుల్ (ఇంతకుముందు రిపేర్ అయినదాన్నీ కలిపి), పీఆర్ (ఆ నోడ్ సొంత వాటా మాత్రమే) ఆప్షన్లతో ఒక నోడ్ అయ్యాక ఇంకో నోడ్‌లో నడపండి. అన్నింటిలో ఒకేసారి మొదలుపెడితే డిస్కులు ఉక్కిరిబిక్కిరవుతాయి.

రీడ్‌లు నెమ్మదిస్తే హీప్ (కసాండ్రాకిచ్చే జావా మెమరీ) పెంచడానికి పరుగెత్తకండి, ముందు ‘టేబుల్‌స్టాట్స్’ (టేబుళ్ల గణాంకాలు చూపే నోడ్‌టూల్ కమాండ్) చూడండి. ఒక క్వెరీ 1,000 టూంబ్‌స్టోన్లు దాటితే లాగ్‌లో హెచ్చరిక పడుతుంది, లక్ష దాటితే క్వెరీయే ఫెయిల్. టేబుల్‌ను క్యూలా వాడి రోజంతా రాసి తీసేసేవాళ్లకు ఈ తిప్పలు తప్పవు.

స్వాప్ (డిస్కును మెమరీలా వాడడం) ఆపేయండి. క్లయింట్లతో సహా అన్ని మెషీన్లలో గడియారాలను సరిచూసే క్రోనీ పెట్టండి, ఎందుకంటే ఇక్కడ చివరి టైమ్‌స్టాంప్‌దే గెలుపు. గడియారం ముందుకు పోయిన మెషీన్ రాసిన పాత విలువే నిలిచిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. సైజ్ టియర్డ్ కంపాక్షన్ (దాదాపు ఒకే సైజు డేటా ఫైళ్లను కలిపేసే పద్ధతి) వాడితే డిస్కులో సగం దాకా ఖాళీ ఉంచాలి. ఖర్చు లెక్కేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.