అనంతపురంలో ఫీల్డ్‌వర్క్ శిక్షణ: పల్లెలో గడిచిన భాగానికే నా మార్కులు

ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఫీల్డ్‌వర్క్‌కు, అంటే జనం మధ్యే ఉండి పరిశోధన చేయడానికి పోయేవాళ్ల కోసం అనంతపురంలో ఒక సంస్థ వేసవిలో వారం రోజుల రీసెర్చ్ మెథడాలజీ శిక్షణ పెట్టింది. ఫీజు 3,500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. ఈ సబ్జెక్టంటే తిరుపతికో విశాఖకో పోవాలనుకునే మాలాంటి వాళ్లకు ఊళ్లోనే ఇది దొరకడం పెద్ద సంగతి. నేను సోషియాలజీ చదివినదాన్ని. పీర్ల పండుగ మీద పరిశోధన మొదలుపెట్టబోతున్నాను. నార్పల మండలం గూగూడులో కుళ్లాయస్వామికి హిందువులు, ముస్లింలు కలిసి మొక్కుతారు కదా, అలా పీర్లను నిలిపే చావిడి ఉన్న పల్లెలో ఏడాది ఉండి మనుషులతో ఎలా మెలగాలో నేర్చుకుందామని చేరాను.

మొదటి రెండు రోజులూ నిరాశే. శాంపిలింగ్, హైపోథిసిస్, కై-స్క్వేర్ లాంటి గణాంకాల లెక్కలు, అవి చేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్. సర్వే చేసేవాళ్లకు ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ స్లైడు మీద ఉన్నదే చదివి వినిపిస్తే దానికి మనిషెందుకు? ఆంత్రోపాలజిస్టు మాలినోవ్‌స్కీ 1915-18 మధ్య న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో పనిచేశాడని ఒక స్లైడులో వేశారు. ఆయన ఊరి మధ్యలోనే గుడారం వేసుకుని ఉన్నాడని, పొద్దున లేస్తే జనం కళ్లెదుటే ఉండేవాళ్లని, అసలు పద్ధతంతా అక్కడే ఉందని ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ వచ్చారు. నా ఫీజుకు న్యాయం జరిగింది ఆయన వల్లే. మొదట ఆయన అడిగింది, "ఊళ్లోకి ఎవరి బండిలో పోతావమ్మా?" అని. సీమ పల్లెల్లో ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి రోజు ఒక నాయకుడి జీపులో దిగి ఆయన ఇంట్లో భోంచేస్తే, రెండో పార్టీవాళ్లు ఆ ఏడాదంతా మనతో నోరు విప్పరు. పల్లెవెలుగు బస్సులో పొమ్మన్నారు. స్కూలు టీచర్‌నో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగి అద్దె గది చూసుకోమన్నారు. మొదటి వారంలోనే రెండు వర్గాల ఇళ్లకూ, ఎస్సీ కాలనీకీ పోయి కనిపించమన్నారు. "మీరేం కులం?" అని ఎవరైనా అడిగితే దాచొద్దన్నారు. మనం వాళ్ల ఇంటి సంగతులన్నీ అడుగుతాం, వాళ్లు ఒక్క మాట అడిగితే తప్పించుకోవడం మర్యాద కాదని ఆయన వాదన. నాకు అది సబబుగా తోచింది.

నోట్సు గురించి చెప్పింది కూడా బాగా పనికొచ్చేదే. ఎదుట కూర్చున్నప్పుడు నాలుగు ముక్కలే రాసుకోవాలి. ఆ రాత్రి పడుకోకముందే పూర్తిగా విప్పి రాయాలి. చూసింది, వాళ్లు చెప్పింది, మనకు అనిపించింది దేనికది విడిగా ఉండాలి. ప్రతులు ఒకేచోట పెట్టకూడదని చెబుతూ మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్.శ్రీనివాస్ సంగతి తెచ్చారు. మైసూరు దగ్గర రాంపుర గ్రామంలో 1948లో చేసిన ఫీల్డ్‌వర్క్ నోట్సును ఆయన ఏళ్ల తరబడి సిద్ధం చేసుకుంటే, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న చోట ఎవరో నిప్పు పెట్టారు. అక్కడే ఉన్న మూడు ప్రతులూ కాలిపోయాయి. వింటుంటే గుండె కలుక్కుమంది.

చివర్లో మమ్మల్ని నార్పల వైపు ఒక పల్లెకు తీసుకెళ్లారు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరాం. ఊరి పటం గీయించడం మొదటి పని. రచ్చకట్ట దగ్గర మగవాళ్లు గీసిన పటంలో గుడి, పీర్ల చావిడి, బోర్లున్న చేలు వచ్చాయి. కొళాయి దగ్గర ఆడవాళ్లు గీసినదాంట్లో నీళ్లెక్కడ ఆగిపోతాయో, చీకటి పడ్డాక ఏ దారిన పోకూడదో వచ్చింది. ఊరు ఒకటే, పటాలు రెండు.

అక్కడే ఒక అవ్వ దగ్గర కూర్చుని వంశవృక్షం రాశాను. ఈ పద్ధతికి మూలం డబ్ల్యు.హెచ్.ఆర్.రివర్స్ అనే ఇంగ్లీషు ఆంత్రోపాలజిస్టు. 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోర్రెస్ జలసంధి దీవులకు పోయిన బృందంలో ఉండి, వరసల గురించి ఊరికే అడక్కుండా, ఫలానా మనిషి ఎవరికి పుట్టారు, ఎవరిని చేసుకున్నారు అని పేర్లతో అడుగుతూ పోయాడు. మగవాళ్లకు త్రికోణం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి రెండు గీతలు. స్లైడులో చక్కగా కిందికి దిగిన కొమ్మలు ఇక్కడ దిగవు. అవ్వ భర్త ఆమె సొంత మేనమామ, అంటే ఆమెకు అమ్మమ్మే అత్త. కూతురినేమో తన తమ్ముడికే ఇచ్చింది. గీతలన్నీ తిరిగి పైకే వచ్చి కలుస్తున్నాయి. మనిషికొక నంబరు ఇచ్చి, ఎన్ని గీతలైనా ఆ నంబరుకే కలపమని ప్రొఫెసర్ చూపించారు. మేనరికాలున్న మన ప్రాంతంలో ఇది తెలియకుండా ఎవరూ ఫీల్డుకు పోకూడదు. చనిపోయిన పిల్లల పేర్లు మాత్రం, పక్కనున్న మగవాళ్లు లేచి పోయాకే అవ్వ చెప్పింది.

లోపాలూ గట్టివే. మనతో మాట్లాడే మనిషి ఒప్పుకున్నట్టు రాయించుకోవడానికి మాకిచ్చిన అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంది. బ్యాంకు అప్పుకో పొలం కాగితాలకో తప్ప వేలిముద్ర వేయని రైతు ముందు ఆ కాగితం పెడితే ఆయన భయపడడా? తెలుగులో చదివి వినిపించి, నోటిమాటగా ఒప్పుకున్నది రికార్డు చేసుకోవచ్చని ప్రొఫెసర్ చెప్పారు. అది నిర్వాహకులు ముందే చేయాల్సిన పని. ఒంటరిగా పల్లెలో ఉండబోయే ఆడపిల్లల భద్రత గురించి ఒక్క సెషన్ కూడా లేదు, ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఎప్పుడు పోవాలన్నదీ చర్చకు రాలేదు. పీర్ల పండుగ జరిగే మొహర్రం ఏటా పదకొండు రోజుల దాకా ముందే వచ్చేస్తుంది. 2025లో అది జూలై మొదట్లో, వేరుశనగ విత్తనం వేసే కాలంలో పడింది. వాన పడిన మర్నాడు పొలంలో ఉండే మనిషిని ఇంటర్వ్యూకు కూర్చోబెట్టలేం.

సర్వే మీద థీసిస్ రాసేవాళ్లకు ఇది చాలదు, లెక్కల భాగం మరీ పైపైన ఉంది. ఊళ్లో ఉండి పనిచేయాలనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా చేరండి. ఫీజు కట్టే ముందు పల్లెలో ఎన్ని రోజులు ఉంచుతారో అడగండి, తెలుగు అంగీకార పత్రం ఇమ్మని ఇప్పుడే పట్టుబట్టండి. తర్వాతి బ్యాచ్ దసరా సెలవుల్లో అంటున్నారు.