పాత బండిలో కొత్త చప్పుడు: వెంటనే విప్పించడమా, ముందు వినడమా?

పదిహేనేళ్లు నడిచిన స్ప్లెండర్‌లో ఉన్నట్టుండి టిక్ టిక్ మొదలైతే తలా ఒక సలహా ఇస్తారు. బోర్ (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయింది, ఇంజిన్ దించాల్సిందే అంటారు ఒకరు. చిక్కటి ఆయిల్ పోయిస్తే సర్దుకుంటుందంటారు ఇంకొకరు. కంపెనీ సర్వీస్ సెంటర్లో అప్పజెప్పి నిశ్చింతగా ఉండమంటారు మరొకరు. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. స్పానర్ పట్టకముందు చెవి పెట్టడం. నా మొగ్గు దానికే. అయితే ఒక్క రకం చప్పుడు విషయంలో మాత్రం వినడం మానేసి విప్పించడమే మేలు. దాని సంగతి చివర్లో చెబుతాను.

స్ప్లెండర్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 1994లో వచ్చిన ఈ బండిది 1985 నాటి హీరో హోండా సీడీ 100 ఇంజిన్ వంశమే. 97.2 సీసీ, ఒకే సిలిండర్, రెండు వాల్వులు (సిలిండర్ దారులు తెరిచి మూసే మూతలు), గాలికే చల్లబడే అమరిక. లోపల మోగగల భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొంచెం ఓపిక ఉంటే ఏ చప్పుడు ఎక్కడిదో బయటినుంచే చాలావరకు తేల్చుకోవచ్చు.

వెంటనే విప్పించేవారి వాదనలో బలం లేకపోలేదు. సిలిండర్ తీసి కొలిస్తే ఊహలతో పనిలేదు, అరుగుదల ఎంతో కంటికి కనబడుతుంది. చిక్కు ఎక్కడంటే, చప్పుడు అనేది ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఉంటుంది. భాగాలన్నీ విప్పి గోనెసంచి మీద పరిచాక ఏది మోగిందో చెప్పేవారు లేరు. అక్కడ కనబడేది అరుగుదల మాత్రమే, పదిహేనేళ్ల బండిలో అరగని భాగమంటూ ఉండదు. దాంతో పిస్టన్, రింగులు, వాల్వులు, టైమింగ్ చైన్, క్లచ్ ప్లేట్లు అన్నీ చీటీలోకి ఎక్కుతాయి. డబ్బంతా పెట్టి బండి తెచ్చుకున్న మర్నాడు అదే టిక్ టిక్ వినబడితే అడగడానికి మొహం చెల్లదు. ఎందుకంటే అసలు దోషి సైలెన్సర్ బెండ్ పైపు దగ్గర వదులైన నట్టు కావచ్చు.

అందుకే వినడం బయటినుంచి మొదలు కావాలి. బండిని సెంటర్ స్టాండు మీద వేసి స్టార్ట్ చేసి, చప్పుడు వస్తున్నప్పుడు క్రాష్ గార్డు, నంబర్ ప్లేటు, చైన్ కవరు ఒక్కొక్కటే చేత్తో నొక్కి పట్టండి. సైలెన్సర్ మీది రేకును మాత్రం గుడ్డ చుట్టిన కర్రతో నొక్కండి, చేయి కాలుతుంది. ఏదో ఒకటి నొక్కగానే చప్పుడు ఆగిపోయిందా, పది రూపాయల బోల్టుతో పని ముగిసింది. ఇంజిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు కూడా చూడండి. అవి వదులైతే మోత ఇంజిన్ లోపలి నుంచి వచ్చినట్టే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది బెండ్ పైపు హెడ్‌కు (సిలిండర్ పై మూతకు) కలిసే చోటు. అక్కడ గాస్కెట్ (సందు మూసే రింగు) పోతే వచ్చే చట్ చట్ అచ్చం టాపెట్ (వాల్వును నొక్కే చోట ఉండే సర్దుబాటు స్క్రూ) చప్పుడులా ఉండి మోసం చేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి అరచేతిని కొద్ది దూరంలో పెడితే గాలి దెబ్బలు తగులుతాయి. ఆ అతుకు చుట్టూ నల్లటి మసి పేరుకుని ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. టాపెట్ చప్పుడని హెడ్ విప్పించుకున్న బండ్లలో ఈ గాస్కెట్ బాధితులు తక్కువేమీ కాదు.

బయట ఏమీ దొరకకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకోండి. దాని మొన ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కి పెట్టాలి. డాక్టరు స్టెతస్కోప్ పెట్టి నాలుగు చోట్ల విన్నట్టే ఇక్కడా నాలుగు చోట్ల వినాలి: పైన హెడ్, ఎడమవైపు టైమింగ్ చైన్ దారి, కుడివైపు క్లచ్ కవరు, కింద క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఉండే భాగం. గొలుసుకు, వేడి పైపుకు బట్టలు తగలకుండా, ఆరుబయట చేయండి. మూసిన గదిలో బండి పొగ ప్రాణాంతకం.

హెడ్ దగ్గర సన్నగా, వేగంగా, ఒకే లయలో మోగితే అది టాపెట్. ఐడిలింగ్‌లో ఇంజిన్ నిమిషానికి సుమారు 1400 సార్లు తిరుగుతుంది. వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ అందులో సగమే తిరుగుతుంది కాబట్టి ఒక్కో వాల్వు నిమిషానికి 700 సార్లు తెరుచుకుంటుంది. సెకనుకు పన్నెండు టిక్కులు ఏ చెవీ లెక్కపెట్టలేదు, కానీ క్రాంక్ దగ్గరి బరువైన మోతకూ దీనికీ తేడా మాత్రం రెండు మూడు బండ్ల దగ్గర వింటే పట్టుబడుతుంది.

టాపెట్ దగ్గర కాస్త ఆగాలి. మన షెడ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఈ ఇంజిన్‌లో వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండాల్సిన సందు 0.05 మిల్లీమీటరు, అంటే మామూలు జిరాక్స్ కాగితం మందంలో సుమారు సగం. అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. సాయంత్రం బండి తోలుకుంటూ వెళ్లి, టీ తాగి వచ్చేలోపు టాపెట్ సరిచేయించుకోవడం సరైన పద్ధతి కాదు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే చేయించాలి. ఎడమ కవరు మీది మూతలు తీసి, మాగ్నెట్ (క్రాంక్ కొసన తిరిగే చక్రం) మీది ఇంగ్లిష్ అక్షరం టీ (T) గుర్తు గీతకు ఎదురుగా వచ్చేదాకా క్రాంక్‌ను తిప్పాలి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిపితే కొద్దిగా ఆడాలి. బిగుసుకుని ఉంటే అది కంప్రెషన్ స్ట్రోక్ (రెండు వాల్వులూ మూసి ఉండే దశ) కాదు, ఇంకో చుట్టు తిప్పాలి. సందులో పెట్టిన ఫీలర్ గేజ్ (సందు కొలిచే సాధనం) రేకు కొంచెం పట్టి పట్టి జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త కదులుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. ఈ రెండో కొలత దగ్గరే మెకానిక్ పనితనం తెలిసిపోతుంది.

ఫీలర్ గేజ్ లేకుండా చెవితోనే టాపెట్ సరిచేసే నేర్పు ఉన్నవారు ఉన్నారు. అనుభవం గొప్పదే. కానీ చెవికి నచ్చేదేమో నిశ్శబ్దం, వాల్వుకు కావాల్సిందేమో సందు. చప్పుడు బొత్తిగా లేకుండా బిగిస్తే, ఇంజిన్ వేడెక్కాక వాల్వు సాగి తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. ఆ దారి మూసుకుపోతే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది, వేడి మీద కిక్ కొట్టినా బండి అందుకోదు. కొద్దిగా మోగే టాపెట్‌తో ఏళ్ల తరబడి తిరగవచ్చు. బిగుసుకున్న టాపెట్ హెడ్ పనిదాకా తెస్తుంది. ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే నేను కళ్లు మూసుకుని మోగేదాన్నే ఎంచుకుంటాను.

ఎడమవైపు గరగరమంటూ, ముఖ్యంగా ఆక్సిలరేటర్ వదిలినప్పుడు గొలుసు పెట్టెలో ఆడినట్టు వినిపిస్తే టైమింగ్ చైన్ (కామ్ షాఫ్ట్‌ను తిప్పే లోపలి గొలుసు) మీద అనుమానం పెట్టుకోండి. చైన్ సాగి ఉండవచ్చు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అరిగి ఉండవచ్చు. కొత్త చైన్ కొనేముందు ఆయిల్ చూడండి. డిప్‌స్టిక్‌ను తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి కొలవాలి. మర తిప్పి కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. ఈ ఇంజిన్ మొత్తం తాగే ఆయిల్ లీటరుకు లోపే. అందులో పావు వంతు తగ్గినా పై భాగాల మోత పెరుగుతుంది.

క్లచ్ సంగతి తేలిక. బండి న్యూట్రల్‌లో ఉండగా లివర్ నొక్కితే చప్పుడు మారిందా, మాయమైందా, వెతకాల్సింది కుడివైపే. పొద్దున చలికి టపటపమని, ఇంజిన్ వేడెక్కేకొద్దీ సన్నగిల్లే చప్పుడు పిస్టన్‌ది. నీలం పొగ, ఆయిల్ తరుగుదల లేనంతవరకు దానితో కొంతకాలం కాపురం చేయవచ్చు. టాప్ గేరులో ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రమే కిణకిణమని, గేరు తగ్గించగానే ఆగిపోయేది అరుగుదల కాదు, పెట్రోలు వేళ కాని వేళ మండడం. హెడ్‌లో పేరుకున్న బొగ్గు, ఇగ్నిషన్ టైమింగ్ చూపించాలి. ఈ మధ్య దీనికి ఈ20 పెట్రోలును (20 శాతం ఇథనాల్ కలిపినదాన్ని) తిట్టడం అలవాటైంది. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్ (ఇలా మండకుండా తట్టుకునే గుణం) పెరుగుతుందే తప్ప తగ్గదు. పాత కార్బ్యురేటర్‌లోని రబ్బరు భాగాలకు దానివల్ల వచ్చే ఇబ్బంది వేరే కథ.

చిక్కటి ఆయిల్ సలహా మీద ఎక్కువ మాటలు అనవసరం. ఈ బండికి కంపెనీ చెప్పిన ఆయిల్ చిక్కదనం 10డబ్ల్యు30. అంతకంటే చిక్కటి 20డబ్ల్యు50 పోస్తే చప్పుడు తగ్గుతుంది, అరుగుదల తగ్గదు. పైగా చలికాలం పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కదనం హెడ్‌దాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. అంతకంటే తప్పు ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ పోయడం. స్ప్లెండర్ క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి, కారు ఆయిల్‌లోని జారుడు రసాయనాలకు అవి పట్టు తప్పవచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు తగినదనే గుర్తు) అని ఉందో లేదో చూసుకుని కొనండి. చిక్కటి ఆయిల్ దారి పనికొచ్చేది ఒక్క అమ్మకానికి పెట్టిన బండికే. అయితే కొనేవాడికి అది ద్రోహం.

సర్వీస్ సెంటరా, వీధి చివరి షెడ్డా? విడిభాగాలు అసలువి కావాలన్నా, బోల్టులు కొలత ప్రకారం బిగించాలన్నా సర్వీస్ సెంటర్ మేలు. చప్పుడు కనిపెట్టడానికైతే నేను షెడ్డుకే వెళతాను, అదీ పాత బండ్ల మీదే చేయి తిరిగిన మేస్త్రీ దగ్గరికి. సర్వీస్ సెంటర్లో మీ మాట వినేది కౌంటర్ దగ్గర జాబ్ కార్డు రాసేవారు, బండి విప్పేది లోపలున్న మరొకరు. మీరు పొద్దున చలికి వినిపించిందన్న చప్పుడు మధ్యాహ్నం మూడింటికి ఆయనకు వినిపించదు. షెడ్డులో అయితే "అన్నా, రాత్రికి బండి ఇక్కడే ఉంచుతాను, పొద్దున మొదటి కిక్ నువ్వే కొట్టి విను" అని అడగవచ్చు.

చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి పంపితే చాలదా అని కొందరికి అనిపిస్తుంది. ఫోన్ మైకు సన్నటి టిక్కులను బాగానే పట్టుకుంటుంది, లోతైన మోతను చాలావరకు వదిలేస్తుంది. అసలు భయపడాల్సింది ఆ లోతైన మోతకే. రికార్డింగ్ పనికొచ్చేది పోల్చుకోవడానికి. పనికి ముందు, తర్వాత, అదే ఫోన్‌ను అదే చోట పెట్టి రికార్డు చేస్తే తేడా తెలుస్తుంది.

ఇక మొదట్లో చెప్పిన ఆ ఒక్క చప్పుడు. కింద క్రాంక్ దగ్గర డగ్ డగ్ అని బరువుగా, బండి మీద భారం పెరిగేకొద్దీ పెరుగుతూ, ఫుట్‌రెస్టు మీద పెట్టిన పాదానికి కూడా తగిలే మోత వస్తే ఇంజిన్ ఆపేయండి. మళ్లీ స్టార్ట్ చేసి వినాలని చూడకండి, బండిని ఆటోలో వేయించి తీసుకెళ్లండి. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ పోయినప్పటి మోత అది. రాడ్ విరిగితే క్రాంక్ కేస్ పగులుతుంది, బండి నడుస్తుండగా ఇంజిన్ పట్టేస్తే మనిషి పడతాడు. విప్పేముందు ఆయిల్ తెల్లటి పళ్లెంలోకి వంపి అయస్కాంతం తిప్పండి. అంటుకునే రజను ఇనుముది, అంటే బేరింగులు, గేర్లు, చైన్ వైపు చూడాలి. అంటుకోకుండా మెరిసేది చాలావరకు అల్యూమినియం, అది పిస్టన్ వైపు చూపిస్తుంది. హెడ్, బ్లాక్ తీశాక రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడాలి. పక్కలకు కొంచెం కదలడం సహజమే, పైకీ కిందికీ ఏమాత్రం ఆట ఉండకూడదు.

ఇక్కడా రెండు దారులున్నాయి. రాడ్ కిట్ ఒక్కటే మార్పించడం చవక. దానికి క్రాంక్‌ను ప్రెస్‌లో విడదీసి, మళ్లీ కలిపి, రెండు పక్కలా ఒకే గీతలో తిరిగేలా సరిచూడాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇదే పనిగా చేసే లేత్ షాపులు ఉంటాయి కాబట్టి అక్కడైతే రాడ్ కిట్ మేలు. అలాంటి చేయి దగ్గర్లో లేని ఊళ్లో క్రాంక్ మొత్తంగా కొత్తది వేయించడమే నయం. సరిగ్గా మధ్యకు రాని క్రాంక్ కొత్త బేరింగులను కూడా తినేస్తుంది. సిలిండర్ కూడా అరిగి ఉంటే 0.25 మిల్లీమీటరు పెద్ద పిస్టన్‌తో సరిపోతుందేమో కొలిపించండి. మొదటిసారే 1.00 మిల్లీమీటరు పెద్ద పిస్టన్ దాకా బోర్ కొట్టేస్తే ఇంకోసారి బోర్ కొట్టించే అవకాశం ఉండదు, స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) అయినా బ్లాక్ అయినా మార్చాల్సిందే. తీసేసిన పాత భాగాలన్నీ సంచిలో వేసి ఇమ్మని పని మొదలు కాకముందే చెప్పండి.