మేరీ జేన్ మంచు దిబ్బలూ, నాకంటగట్టిన వదులు బూట్లూ

డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లెవరైనా వింటర్ పార్క్‌కి స్కీయింగ్‌కి వెళ్తుంటే నాదొకటే మాట: బూట్లు అద్దెకిచ్చే చోట మొహమాటపడకండి. అవసరమైతే పోట్లాడండి.

ప్రయాణం హాయిగా జరిగింది. యూనియన్ స్టేషన్లో రైలెక్కి, మోఫట్ సొరంగం దాటగానే కొండ ముందే దిగాం. బర్తూడ్ పాస్ అనే కనుమ దారిలో, మంచులో కారు నడిపే బాధ తప్పిందని మా ఆయన దారంతా నిద్రే.

ఇక ఊళ్లోని ఆ అద్దె దుకాణం. మనిషికి 64 డాలర్లు, పైగా ‘డ్యామేజీ’ పేరుతో ఇంకో 8. స్కీ బూటు మీద ఉండే నంబరు పాదం పొడవే, సెంటీమీటర్లలో. నా పాదం 24.5. కుర్రాడు చేతిలో పెట్టింది 26.5. వేళ్లు ఆడుతున్నాయంటే, “సుఖంగా ఉంటుంది, బకిల్స్ బిగించుకోండి” అని వెనకున్నవాళ్లను పిలిచేశాడు. నా సైజు అయిపోయిందని ఒక్క ముక్క చెప్తే వేరే చోటికి పోయేవాళ్లం కదా!

వింటర్ పార్క్‌లోనే ఒక భాగం మేరీ జేన్. మేరీ జేన్ అంటేనే మోగల్స్. అందరూ ఒకే చోట మలుపు తిరిగీ తిరిగీ మంచు దిబ్బలుగా పేరుకుంటుంది. ఇక్కడ చాలా వాలుల్ని యంత్రంతో చదును చేయకుండా అలాగే వదిలేస్తారు. పొద్దున్నంతా నరకం చూశాను. బూటులో మడమ లేస్తోంది, నేను కాలు తిప్పిన కాసేపటికి గానీ స్కీ తిరగట్లేదు, ఆలోగా వెనక్కి కూలబడుతున్నాను. “అక్కా, స్కీయింగ్ చేస్తున్నావా, కుర్చీ వెతుక్కుంటున్నావా?” అని తమ్ముడి ఎకసెక్కం.

మధ్యాహ్నం గ్రూపు పాఠానికి 179 డాలర్లు కట్టాను. ప్రతి డాలరూ గిట్టింది. తెల్లమీసాల మాస్టారు ముందు మా బూట్లే చూశాడు. “వీటితో పాఠం దండగ, మార్చుకుని రా, ఆగుతాం” అన్నాడు. కొండ కిందే ఇంకో షాపులో బూట్లు మాత్రం 38 డాలర్లకు దొరికాయి. సాయంత్రం మొదటి దుకాణంలో డబ్బు అడిగితే “వాడేశారుగా” అన్నారు. సంతోషం.

మాస్టారు మమ్మల్ని వాలు అంచున చిన్న దిబ్బల దగ్గరికి తీసుకెళ్లాడు. దిబ్బ నెత్తిన నిలబెట్టి చూడమన్నాడు: స్కీ ముందూ వెనకా గాల్లో ఉంటాయి, పాదం కిందే మంచు. అక్కడ వేలితో తిప్పినట్టు తిరుగుతుంది, గుంటలో తిప్పబోతే ఇరుక్కుంటుంది. దిబ్బ ఎక్కేటప్పుడు మోకాళ్లు పైకి మడవడం అందరూ చేస్తారు. దాటాక కాళ్లు చాపి స్కీ కొనల్ని గుంటలోకి నొక్కడం మాత్రం మర్చిపోతారు. అది చేయకపోతే తర్వాతి దిబ్బకి మడవడానికి మోకాళ్లలో ఏమీ మిగలదు. మోకాలి కింద కాలి ముందుభాగం ఎప్పుడూ బూటు నాలికకు ఆనే ఉండాలి. వదులు బూటులో అదెలా కుదురుతుంది? చేతిలోని కర్ర (పోల్) మంచులో గుచ్చగానే చెయ్యి మళ్లీ ముందుకు రావాలి, లేకపోతే భుజం తిరిగిపోతుంది. చూపు రెండు మూడు దిబ్బల అవతల. నడుము పైభాగం నెత్తిన బిందె ఉన్నట్టు కదలకూడదు.

1992 ఆల్బర్ట్‌విల్ శీతాకాల క్రీడల నుంచి ఈ మోగల్స్ స్కీయింగ్ ఒలింపిక్స్‌లో పతకాల పోటీగా ఉంది. అది టీవీలో చూసిన ధైర్యంతో తమ్ముడు నేరుగా దూకబోయాడు. ఆ పోటీలోనూ 60 శాతం మార్కులు మలుపులకే, వేగానికి 20 అని మాస్టారు ఆపాడు. దిబ్బ పక్కగా జారుతూ గుండ్రంగా దిగమన్నాడు. వాడి మొహం మాడింది గానీ, ఆ పూట పడనిది వాడొక్కడే.

బస ఫర్వాలేదు. గది 212 డాలర్లు, వెళ్లేటప్పుడు ‘రిసార్ట్ ఫీజు’ అని ఇంకో 38 లాగారు. ముందే అడగండి. రాత్రి చలికి దిబ్బలు గట్టిపడి ఉంటాయి కాబట్టి పదకొండు దాటాకే వాటి జోలికి వెళ్లండి. పొద్దున చదునైన వాలు మీద చిన్న మలుపులు సాధన చేసుకోవచ్చు. పేరుమోసిన ఔట్‌హౌస్ వాలుకి రమ్మని తమ్ముడు మర్నాడు పోరాడు. మా ఆయన పైనుంచి ఒకసారి తొంగిచూసి, “చూశాంగా, పద” అన్నాడు.